గుండె టీచర్

మా సైన్సు టీచర్ చనిపోయారన్న సంగతి నాకు మటన్ కొట్టు దగ్గర తెలిసింది. ఆదివారం పొద్దున. బోనాల నెల కావడంతో బల్కంపేట గల్లీలో కొట్టు ముందు లైను మలుపు దాకా ఉంది. నా వంతు వచ్చేసరికి కొట్టాయన కత్తిని మొద్దు మీద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"అక్కా, ఎరుకేనా నీకు? గుండె టీచరమ్మ పోయింది. నిన్న."

"ఎవరు చెప్పిండ్రన్నా?"

"వాళ్ల అక్క ఫోన్ చేసింది. జ్వరమొచ్చి దవాఖానల ఏసిండ్రంట, ఊపిరితిత్తులకు పాకిందంట. ఎవ్వలికి చెప్పాల్నో తెల్వక ఆ ముసలామె ఫోన్ల ఉన్న నంబర్లన్నిటికి కొడుతున్నదట. సగం మంది ఎత్తుతలేరట."

నా వెనక నిలబడ్డాయన "జర జల్ది కానియ్ భాయ్" అన్నాడు. కొట్టాయన అతని వైపు ఒకసారి చూసి, మళ్లీ కత్తి పట్టుకున్నాడు. నేను ఏమీ కొనకుండానే పక్కకు వచ్చేశాను.

సగం మంది ఫోన్ ఎత్తలేదంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆమె బడి మానేసిన తరువాత, కాదు, ఆమె చేత బడి మాన్పించిన తరువాత, ఆమె నంబరు చూసి ఫోన్ ఎత్తడం మా పేటలో చాలామంది మర్చిపోయారు.

గుండె టీచర్ అన్న పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. పదో తరగతి జీవశాస్త్రంలో ఒక ప్రయోగం ఉంటుంది. మేక గుండెనో గొర్రె గుండెనో తెచ్చి, కడిగి, కోసి, లోపలి గదులు చూడాలి. చాలా బళ్లలో ఆ పేజీని పైకి చదివించి, బొమ్మ గీయించి ముందుకు వెళ్లిపోతారు. అమీర్‌పేటలో మా బడి కూడా అలాంటి బడే. కానీ మా టీచర్ ఆ పేజీ దగ్గర ఆగేవారు. ఆ రోజు పొద్దున్నే బల్కంపేట వెళ్లి, కొట్టు తెరవక ముందే నిలబడి, పొట్టేలు గుండెలు ఏరుకునేవారు. నాళాలు మొదలంటా కోసెయ్యకుండా కొంచెం ఉంచి ఇమ్మని కొట్టాయనతో పోట్లాడేవారు. స్టీలు డబ్బాలో మంచుముక్కల మధ్య పెట్టుకుని సిటీ బస్సులో బడికి వచ్చేవారు. మాకు ముందు చదివినవాళ్లు పెట్టిన పేరు అది. ఆమెకు తెలుసు. వద్దని ఎప్పుడూ అనలేదు.

పొట్టి మనిషి. గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా వినిపించేది. నూలు చీర, భుజం మీద పిన్ను, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. క్లాసులోకి రాగానే ముందు కిటికీలన్నీ తెరిచేవారు, ఎండాకాలమైనా వానాకాలమైనా. ప్రేమగా మాట్లాడే మనిషి కాదు. ఎవరైనా పుట్టినరోజని చాక్లెట్ ఇవ్వబోతే "చేతులు కడుక్కున్నవా?" అని అడిగేవారు. చనిపోయారు కదా అని ఇప్పుడు ఆమెను అమ్మలాంటిదని రాయలేను. మేం ఆమెకు భయపడేవాళ్లం.

మా పదో తరగతిలో ఆ రోజు వచ్చినప్పుడు రేకు ట్రేలు బెంచీల మీద వరసగా పెట్టారు. గుండె నేననుకున్నంత ఎర్రగా లేదు. పైన తెల్లటి కొవ్వు, కింద ముదురు రంగు కండ. నీచు వాసన. ముందు వరసలో ఒకమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది. టీచర్ ఆమె పక్కకు వచ్చి, "భయపడు, తప్పు లేదు. గానీ కండ్లు మూసుకోకు" అన్నారు. తాకడం ఇష్టం లేనివాళ్లు పక్కన కూర్చుని బొమ్మ గీసుకోవచ్చని కూడా చెప్పారు. ఎవరినీ బలవంతం చేయలేదు. ఆ మాట ఇక్కడ గట్టిగా రాస్తున్నాను, ఎందుకో మీకు తరువాత తెలుస్తుంది.

మహాధమనిలో నా చూపుడు వేలు పెట్టించారు. లోపల జారుడుగా, చల్లగా, రబ్బరు గొట్టంలా ఉంది. అదే గొట్టంలోకి పైనుంచి నీళ్లు పోస్తే కవాటం రెక్కలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కున్నాయి. నీళ్లు కిందికి దిగలేదు. మేం అరిచాం. పుస్తకంలో ఆ రెక్కలు గీతలుగా ఉంటాయి. అవి నిజంగా మూసుకుంటాయని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

క్లాసులో కృష్ణానగర్ నుంచి వచ్చే అబ్బాయి ఒకడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ట్రే దగ్గరకు రాలేదు. అతని నాన్న సినిమా సెట్లకు వడ్రంగం పని చేసేవాడు. కొన్నాళ్ల క్రితమే పొద్దున్న ఇంట్లో భార్యతో గొడవపడి, చెప్పులేసుకుని గుమ్మం దాటుతూ కూలిపోయాడు. పొద్దున్నే మొగుడితో కొట్లాడి ప్రాణం తీసిందని చుట్టాలంతా ఆ తల్లిని అన్నారు. ఈ అబ్బాయి కూడా తల్లితో మాట్లాడడం మానేశాడు. ఇదంతా మాకు తెలుసు. టీచర్‌కు కూడా తెలుసని మాకు తెలియదు.

"నువ్వు రా. నువ్వే ముందు చూడాలె" అన్నారు.

అతను కదల్లేదు. టీచర్ ట్రే పట్టుకుని అతని దగ్గరికే వెళ్లారు. అతని వేలు పట్టుకుని గుండె మీద, బయటివైపు, కొవ్వులో దాగి ఉన్న సన్నటి నాళం వెంబడి నడిపించారు.

"గుండె ఒళ్లంతటికి రక్తం పంపుతది. దాని తిండి మాత్రం గీ సన్న నాళంలకెల్లి రావాలె. గిది పూడుకపోతే గుండె ఆగుతది. మీ నాయనకు అయింది గిదే. అది ఒక్కనాడు అయ్యేది గాదు, ఏండ్ల సంది లోపల పూడుకుంట వస్తది."

"అందరు మా అమ్మే అంటున్నరు టీచర్."

"అన్నోళ్లెవరన్న లోపల చూసిండ్రా? నువ్వు చూసినవ్. పోయి చెప్పు."

అతను చెప్పాడో లేదో గాని, మర్నాడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. షూటింగుల్లో వంటపని చేసే ఆమె. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. టీచర్ ఒక గుండెను కోయకుండా మంచులో దాచి ఉంచారు. దాన్ని తీసి, అదే నాళాన్ని ఆమెకూ చూపించారు. మేం కిటికీలోంచి చూస్తున్నాం. ఆమె చాలాసేపు వంగి చూసింది. కొంగు ముక్కు మీద నుంచి ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియలేదు.

"అయితే నా తప్పు లేదా టీచరమ్మా?"

"దీంట్ల ఎక్కడ్నన్న నీ తప్పు కనవడుతున్నదా? చూడు" అన్నారు టీచర్.

ఓదార్పు మాట ఒక్కటీ లేదు. ఆ తల్లి మాత్రం ఏడుస్తూ ఆమె చేతులు పట్టుకోబోయింది. "నీచు చేతులు, ఉండు" అని టీచర్ వెనక్కి తీసుకున్నారు.

తరువాత నా చదువు, పెళ్లి, బేగంపేటలో ఇన్సూరెన్సు ఆఫీసు ఉద్యోగం. ఇల్లు అమీర్‌పేటలోనే కావడంతో నా కూతుర్ని కూడా అదే బడిలో వేశాను. బడి చేతులు మారింది. అద్దాల ముందుభాగం, తెర మీద కదిలే పాఠాలు, ప్రతి వారం ఫేస్‌బుక్‌లో ఫోటోలు. టీచర్ మాత్రం అక్కడే ఉన్నారు, రిటైర్‌మెంటుకు దగ్గరపడి. తెర మీద గుండె బొమ్మ రంగురంగుల్లో కొట్టుకుంటున్నా, ఆ పేజీ వచ్చిన రోజు ఆమె స్టీలు డబ్బాతోనే వచ్చేవారు. "తెర మీద కోస్తే ఏం తెగుతది? తెగినప్పుడు చేతికి తెలవాలె" అని నాతో ఒకసారి అన్నారు.

నా కూతురు పదికి వచ్చిన ఏడు కూడా డబ్బా వచ్చింది. ఆ సాయంత్రం మా అమ్మాయి ఇంటికి రాగానే తన చేతిని నా ముక్కు దగ్గర పెట్టి, "నా చెయ్యి ఇంకా వాసనొస్తుందా అమ్మా?" అని అడిగింది. సంతోషంతో ముఖం వెలిగిపోతోంది. ఆమె స్నేహితురాలు, ఇంట్లో గుడ్డు కూడా ముట్టని పిల్ల, అందరికన్నా బాగా కోసిందట. పక్కన కూర్చోమని టీచర్ చెప్పినా కూర్చోలేదట.

ఫోటోలు తీసింది బడివాళ్లే. అందుకోసమే జీతమిచ్చి పెట్టుకున్న కుర్రాడు క్లాసుకు వచ్చి తీశాడు. బడి పేజీలో పెట్టింది కూడా వాళ్లే, 'చేస్తూ నేర్చుకుందాం' అని రాసి మరీ. టీచర్ ట్రే మీదికి వంగి ఉన్నారు, చుట్టూ పిల్లలు.

మాపటికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మొదటి మాట వచ్చింది: "పిల్లల చేత ఇవేం పనులు?" దాని కింద ఇంకొకరు: "మా ఇంట్లో ఇలాంటివి ముట్టుకోం." అక్కడిదాకా సరే. అడగడానికి వాళ్లకు హక్కుంది. ఆ తరువాత ఒకాయన రాశాడు: "అది ఏ జంతువుదో ఎవరికి తెలుసు? టీచర్ ఎవరో తెలుసుగా."

టీచర్ ఆదివారం చర్చికి వెళ్లే మనిషి. అన్నేళ్లలో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ ఒక్క వాక్యంతో అందరికీ పట్టింది. తెల్లవారేసరికి ఆ ఫోటో మాకు సంబంధం లేని గ్రూపుల్లోంచి మాకే తిరిగి వచ్చింది, దాని మీద ఎర్ర అక్షరాలతో, నేనిక్కడ రాయదలచుకోని మాటలతో. బడివాళ్లు తమ పేజీలోంచి ఫోటో తీసేశారు. 'యాజమాన్యం అనుమతి లేకుండా ఉపాధ్యాయురాలు చేసిన పని' అని ప్రకటన పెట్టారు.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో మీటింగు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. వెళ్లేముందు మటన్ కొట్టాయనను అడిగితే, కొట్టు మూసేసి నా వెంట వచ్చాడు. టీచర్ గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఎవరూ ఆమెకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"మా పాప సరిగ్గా అన్నం తినట్లేదండి" అంది ఆ శాకాహారి పిల్ల తల్లి. "మీ టీచర్ గారు అసలు మమ్మల్ని అడగాలి కదా, ఏంటిది?"

టీచర్ లేచి నిలబడ్డారు. "మీ పాప భయపడితే దానికి సారీ అమ్మా. ముందుగాల మీకు చెప్పి ఉండాల్సింది. అది నా తప్పే" అన్నారు.

ఆ తల్లి నిజంగా అంతటితో శాంతించింది. కానీ గదిలో ఉన్నవాళ్లకు కావలసింది అది కాదు. "అదంతా పక్కన పెట్టండి. ఏం మాంసమది?" అన్నాడు వెనక నుంచి ఒకాయన. అతని పిల్లలు ఆ క్లాసులో లేరు.

కొట్టాయన ముందుకు వచ్చాడు. "నేనే ఇచ్చిన సారూ. పొట్టేలు గుండె. ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు. ఏండ్ల సంది ఇస్తున్న. గీ టీచరమ్మ మీ పిల్లల కోసం పొద్దుగాల అందరికంటె ముందు నా కొట్టు కాడ నిలవడుతది."

"నువ్వు అమ్ముకునేటోనివి. నువ్వు గట్లనే చెప్తవ్" అన్నాడు ఆయన.

నేను లేచాను. కృష్ణానగర్ తల్లి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే "పాత కథలెందుకు అక్కా ఇప్పుడు" అన్నారు. నేను ఆపకుండా మాట్లాడాను. నా గొంతు మీద ఇంకో నాలుగు గొంతులు లేచాయి. ప్రిన్సిపాల్ బల్ల మీద చేత్తో కొట్టి అందరినీ ఆపి, టీచర్ వైపు తిరిగాడు.

"మేడం, జస్ట్ సారీ చెప్పేయండి. తప్పు పని చేసిన అని అందరి ముందర ఒక్క మాట. ఇష్యూ క్లోజ్ అయితది."

"భయపడ్డ పిల్లకు సారీ చెప్పిన సార్. పుస్తకంల ఉన్న పాఠం చెప్పినందుకు చెప్పలేను."

"మీ మంచికే చెప్తున్న."

"నా మంచికి చెప్పేటోళ్లయితే, ఫోటో ఎవరు తీపిచ్చిండ్రో వీళ్లకు చెప్పుండ్రి" అన్నారు టీచర్.

ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నాడు. పిల్లలకు ఆలస్యమవుతోందని మీటింగు ముగించాడు.

వెంటనే తీసేస్తే మాట వస్తుందని కాబోలు, ఆమెను తీసేయలేదు. పదో తరగతి వేరే టీచరుకు ఇచ్చారు. మా టీచర్‌ను పొద్దున గేటు దగ్గర నిలబెట్టి పిల్లల బూట్లు, ఐడీ కార్డులు చూడమన్నారు. ఎండలో, కుర్చీ కూడా లేకుండా. వేసవి సెలవుల తరువాత మళ్లీ రావద్దన్నారు. ఆ ప్రయోగాల గదికి రంగులేసి డాన్సు క్లాసులకు ఇచ్చారు.

పంజాగుట్ట వెనక సందుల్లో మేడమీద ఇంట్లో టీచర్, ఆమె అక్క ఉండేవారు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. నేను వీలు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. లవంగాలు దంచి చాయ్ పెట్టేవారు. ట్యూషన్లు చెబుదామని చూశారు గాని పిల్లలు రాలేదు. వచ్చిన ఒకరిద్దరినీ ఎవరో ఏదో చెప్పి మాన్పించారు.

"మంచిగనే ఉన్న అని నీతోటి అబద్ధం చెప్ప" అన్నారు ఒకసారి. "మస్తు కోపమున్నది. పెద్దోళ్ల మీద గాదు, వాండ్లు గంతే. గేటు కాడ నిలవడ్డప్పుడు ఒక్క పిల్ల నా మొఖం దిక్కు చూడలే. తల వంచుకుని లోపలికి పోయిండ్రు. మా పిల్లలేనా అనిపిచ్చింది."

"భయం టీచర్ వాళ్లకు."

"భయపడొద్దన్ననా నేను?" అన్నారు. చల్లారిన చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లారు.

మా అమ్మాయిని ఒకసారి వెంట తీసుకెళ్లాను. తను గీసిన గుండె బొమ్మ చూపించింది. మెచ్చుకుంటారనుకున్నాం. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఎడమ దిక్కు గోడ గింత పల్చగ ఎట్ల గీసినవే? చేతితోటి పట్టుకున్నవా లేదా?" అన్నారు. నా కూతురు అక్కడే కూర్చుని చెరిపి మళ్లీ గీసింది. ఆ పూట ఆమె ముఖంలో పాత కళ చూశాను. అదే ఆఖరు.

సమాధి చేసిన రోజు జనం ఎక్కువ లేరు. చర్చి నుంచి కొందరు, మా బ్యాచ్‌లో కొందరు. కృష్ణానగర్ అబ్బాయి ఇప్పుడు క్యాబ్ నడుపుతున్నాడు, తల్లిని తీసుకుని వచ్చాడు. ఆమె పెట్టె మీద చెయ్యి వేసి, తీయకుండా చాలాసేపు అలాగే నిలబడింది. మటన్ కొట్టాయన దూరంగా, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని ఉన్నాడు. అందరికన్నా బాగా కోసిన ఆ పిల్ల రాలేదు. ఇప్పుడు ఇంటర్ హాస్టల్లో ఉందట, అక్కడ ఫోన్లు ఉండవు. ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

బడివాళ్లు మాత్రం వచ్చారు. సమాధుల తోట గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. 'ప్రయోగాత్మక విద్యకు మార్గదర్శి, మా ప్రియతమ ఉపాధ్యాయురాలికి అశ్రునివాళి'. ఫోటో ఆ ప్రయోగం రోజుదే. ట్రే కనబడకుండా, పిల్లలు కనబడకుండా కత్తిరించారు. టీచర్ తల వంచి, ఏమీ లేని చోటికి శ్రద్ధగా చూస్తున్నారు. అడుగున బడి గుర్తు, దాని పక్కన 'అడ్మిషన్లు జరుగుచున్నవి'.

ప్రిన్సిపాల్ మాట్లాడాడు. ఆమె లేని లోటు తీరనిదన్నాడు. మా బ్యాచ్‌వాళ్లలో ఒకడు ముందుకు కదలబోతే నేనే చెయ్యి పట్టి ఆపాను, ఆ ముసలామె ఎదుట గొడవ వద్దని. టీచర్ అక్క నన్ను మెల్లగా "ఈ సారెవరు బిడ్డా?" అని అడిగింది.

"టీచర్ పనిచేసిన బడి సారు అమ్మా."

ఆమె లేచి, తడబడుతూ వెళ్లి, రెండు చేతులూ జోడించి ఆయనకు దండం పెట్టింది. "మా చెల్లెను యాది పెట్టుకుని వచ్చినవ్ సారూ" అంది. ఆయన కూడా దండం పెట్టాడు. కారు దాకా తల వంచుకునే వెళ్లాడు. సిగ్గుతో అనుకోవాలని నాకు ఉంది, కానీ ఫోన్ చూసుకుంటున్నాడు.

కొన్నాళ్లకు ఆఫీసు నుంచి వస్తుంటే అమీర్‌పేటలో వాన పట్టుకుంది. మెట్రో పిల్లర్ పక్కన మిర్చి బండి ఉంటే దాని కిందికి పరుగెత్తాను. కోచింగు పిల్లలు బ్యాగులు గుండెలకు హత్తుకుని అప్పటికే అక్కడ ఇరుక్కుని నిలబడ్డారు. తల తుడుచుకుంటూ పైకి చూశాను. బండికి కప్పుగా కట్టింది ఆ ఫ్లెక్సీనే. అక్షరాలు అవతలికి మడిచి కట్టారు. టీచర్ ముఖం సరిగ్గా మా నెత్తి మీద ఉంది, నూనె మూకుడు వైపు, పిల్లల చేతుల్లో పేపరు ప్లేట్ల వైపు చూస్తూ.

నేను పైకి చూస్తూ ఉండిపోవడం బండి ఆమె గమనించింది. "ఏమైందక్కా? ఎరుకున్న మనిషా?"

"మా టీచర్."

ఆమె జల్లెడగంటె పక్కన పెట్టింది. "అయ్యో. బోకులోల్ల కాడ, పాత సామాన్లల్ల తెచ్చిండు మా ఆయన. తీసెయ్యమంటవా?"

పిల్లలు ప్లేట్లు పట్టుకుని నా వైపు చూశారు. బయట రోడ్డు కనిపించనంత వాన.

"వద్దు. ఉండనీ" అన్నాను.

ఫ్లెక్సీ మీద నీళ్లు నిలిచి, టీచర్ ముఖం బరువుగా కిందికి దిగుతోంది. బండి ఆమె కర్ర తీసుకుని కింది నుంచి మెల్లగా పైకి పొడిచింది. ముఖం పైకి లేచింది, నీళ్లు భళ్లున పక్కకు పోయాయి. ముఖం మళ్లీ కిందికి వచ్చింది. వాన కురుస్తూనే ఉంది. కాసేపటికి నీళ్లు మళ్లీ నిండాయి. ఆమె మళ్లీ కర్ర అందుకుంది.